సీజన్ ఇంకా రెండు వారాలే... ఆ జింకను వదిలేయమంటారా?

ఒహాయో నుంచి ఒక పాఠకుడు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. కొలంబస్ దగ్గర ఉంటారని, ఐటీ ఉద్యోగమని, వయసు నలభై దాటిందని మాత్రం చెప్పుకుందాం. భార్య ఫార్మసిస్టు. పదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. అక్టోబరులో వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వచ్చారు, మార్చి దాకా వీళ్ళ దగ్గరే ఉంటారు.

కొన్నేళ్ళ కిందట ఆఫీసులో ఒక పెద్ద వయసు అమెరికన్ ఈయనకు విల్లు పట్టడం నేర్పాడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి లైసెన్సు తీసుకున్నారు. ఊరికి కాస్త దూరంలో ఒక వృద్ధ రైతు తన తొంభై ఎకరాల్లో వేటాడుకోమని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాడు. ఆయన కోరింది ఒక్కటే. జింకలు సోయాబీన్ చేను తినేస్తున్నాయి, ఆడ జింకలను తగ్గించిపెట్టు అన్నాడు. మొదట్లో అలాగే జరిగింది. మూడేళ్ళ కిందట, జింకలు నడిచే బాటలో చెట్టుకు కట్టే ట్రెయిల్ కెమెరాలో ఒక మగ జింక పడింది. బాగా విచ్చుకున్న కొమ్ములు, చీలిన ఎడమ చెవి. ఈయన దానికి 'పెద్దాయన' అని పేరు పెట్టుకున్నారు. అలికిడికి పెద్దాయన బెదిరిపోతాడేమోనని ఆడ జింకల మీద బాణం వేయడం దాదాపు మానేశారు.

నవంబరులో ఒకసారి అరవై గజాల దూరంలో కనబడ్డాడట. విల్లుకు అందని దూరం. థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే తుపాకుల వారం అయ్యాక ఇక దాదాపు అన్నీ రాత్రి ఫోటోలే. జనవరి మొదలైన దగ్గర్నుంచి ఈయన దాదాపు ప్రతి సాయంత్రం మూడింటికల్లా ఇంట్లోంచి బయల్దేరి, ఏడు దాటాక తిరిగొస్తున్నారు. అమ్మకు మాత్రం "ఆఫీసులో పని" అని చెప్పారు. వేట సంగతి ఆవిడకు అసలు తెలియదు. భోగి రోజు బాబుకు భోగిపళ్ళు పోయాలని ఆవిడ రేగుపళ్ళ కోసం ఇండియన్ స్టోర్లన్నీ వెతికించారు. ఆరోజే పెద్ద చలి దిగింది. ఈయన మంచె మీద ఉండిపోయారు, జింక రాలేదు, ఇంటికొచ్చేసరికి పేరంటం అయిపోయింది. భార్య అన్న మాట ఇది: "ఆ జింక సంగతి నాకనవసరం. అత్తయ్యకు నాతో అబద్ధాలు చెప్పించకు."

ఇవి చాలవన్నట్టు ఇంకో మూడు. రైతు కొడుకు పొలాన్ని వేటకు లీజుకిచ్చే ఆలోచనలో ఉన్నాడని తెలిసింది. విల్లు నేర్పిన ఆ సహోద్యోగి, అటు పక్కనే ఉన్న తన స్థలంలో మొక్కజొన్న గింజలు పోస్తే పెద్దాయన చీకటి పడకముందే వస్తున్నాడని, వచ్చి అక్కడ కూర్చోమని పిలుస్తున్నాడు. పాపేమో "నాన్నా, అది ముసలిది కదా, వదిలేయొచ్చుగా" అంటోంది. విల్లు సీజన్ ఫిబ్రవరి మొదటి ఆదివారంతో ముగుస్తుంది. "ఈ రెండు వారాలు సెలవు పెట్టి గట్టిగా ప్రయత్నించనా, లేక అస్త్రసన్యాసం చేయనా?" ఇదీ ఆయన ప్రశ్న.

*

ఉత్తరంలో ఇంటి గొడవలే ఎక్కువున్నా మీ మనసంతా ఆ పొలంలోని వాగు ఒడ్డునే ఉంది. అందుకని ముందు పెద్దాయన సంగతి మాట్లాడుకుందాం. అది తేలకపోతే మిగతాది మీ చెవికెక్కదు.

ఉత్తరం చివర కెమెరా తేదీల పట్టిక పెట్టారు. అది మీరు ఎంత శ్రద్ధగా తయారు చేశారో, నేనూ అంతే శ్రద్ధగా చూశాను. డిసెంబరు నుంచి పెద్దాయన వెలుతురులో కనబడింది రెండే సందర్భాల్లో. ఒకటి బాబుకు జ్వరం వచ్చి మీరు ఆ వారమంతా పొలం వైపు వెళ్ళనప్పుడు. రెండోది క్రిస్మస్ సెలవుల్లో మీరంతా డల్లాస్‌లో మీ చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు. "నేను లేనప్పుడే వస్తాడు, అదీ నా అదృష్టం" అని పక్కన రాసుకున్నారు. దీనికి అదృష్టంతో పని లేదండీ. మీరు లేరు కాబట్టే వచ్చాడు.

ఈ కాలంలో ముసలి మగ జింక ఎలా బతుకుతుందో ఒకసారి దాని వైపు నుంచి చూడండి. ఒహాయోలో తెల్లతోక జింకలు జతకట్టే ఉధృతి నవంబరు మధ్యలో ఉంటుంది. ఆ రోజుల్లో మగవి మేత మానేసి ఆడవాటి వెంట తిరిగి, ఒంటి బరువులో ఐదో వంతు, నాలుగో వంతు దాకా పోగొట్టుకుంటాయి. ఆ నీరసంలో ఉండగానే తుపాకుల వారం వస్తుంది, జనవరి మొదట్లో మందు కూరే తుపాకుల సీజన్ వస్తుంది. అవన్నీ దాటి బతికినదానికి రెండే పనులు మిగులుతాయి. కడుపు నింపుకోవడం, మనిషికి దూరంగా ఉండటం. ఆకలి దాన్ని చేను వైపు లాగుతుంది. మీ వాసన వెనక్కి నెడుతుంది.

మీరు రోజూ అదే దారిన వెళ్ళి అదే మంచె ఎక్కుతున్నారు. కెమెరా కార్డు కోసం రెండు రోజులకోసారి అది నడిచే బాటలోనే నడుస్తున్నారు. అన్నిటికన్నా నష్టం చేస్తున్నది మీరు దిగే వేళ. చీకటి పడ్డాక మీరు మంచె దిగుతుంటే చేలో మేస్తున్న ఆడ జింకలు బుస్సుమని తోకలెత్తి పరుగెడుతున్నాయని మీరే రాశారు. ఆ గోలంతా పెద్దాయన పొదలో నిలబడి వింటూ ఉంటాడు. ఇక ఆ రాత్రి తొమ్మిది దాకా బయటికి ఎందుకు వస్తాడు?

మంచె ఉన్న చోటు గురించి కూడా ఒక మాట. చేను గట్టు మీద ఓక్ చెట్టుకు కట్టారు, జింకలు వాగు దాటే చోటు దానికి కింద ఉంది. ఎండ పోయాక చల్లబడిన గాలి పల్లానికి జారుతుంది. ఫోనులో యాప్ గాలి పడమర నుంచి అని చూపించినా, సాయంత్రం ఐదున్నరకు గాలి నిలిచిపోయినప్పుడు మీ వాసన నేరుగా వాగులోకి దిగుతుంది. అవతలి ఒడ్డున దక్షిణం ఎండ తగిలే ఏటవాలులో అది పడుకుంటోందని మీ ఊహ. నాకూ సరిగ్గానే ఉందనిపిస్తోంది. చలికాలంలో ఎండకు ఎదురుగా ఉండే ముళ్ళపొదల వాలు వాటికి ఇష్టం. అక్కడి నుంచి దిగి, వాగు దగ్గర ఆగి, గాలి పీల్చి, వెనక్కి తిరుగుతోంది. మంచెను, జింకలు వాగు దాటే చోటుకు దిగువకు మార్చుకుంటే మీ వాసన వాగు వెంబడి అటే పోతుంది. మార్చేదీ గాలి బాగా వీస్తున్న ఒక మధ్యాహ్నం మార్చండి, చప్పుడు కలిసిపోతుంది. ఉదయాలు అసలు వెళ్ళకండి. తెల్లవారుజామున అవి చేలోనే ఉంటాయి, మీరు వాటి మధ్యలోంచి నడవాల్సి వస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. రెండు వారాలు సెలవు పెట్టి రోజూ కూర్చుంటే మీ అవకాశం పెరగదు, తగ్గుతుంది. ఈ రెండు వారాల్లో పనికొచ్చే సాయంత్రాలు మహా అయితే రెండో మూడో ఉంటాయి. ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయిన రోజు, నేల మీద మంచు పరుచుకున్న రోజు, గాలి ఆ వాలు నుంచి మీ వైపు వీచే రోజు. తడికి కోత యంత్రం దిగక రైతు సోయాబీన్ ఒక మూల కోయకుండా వదిలేశాడన్నారు కదా, అలాంటి చలిలో ఆ మూల చుట్టుపక్కల జింకలన్నిటికీ అన్నసత్రమే. ఆ సాయంత్రాలు మూడు నాలుగు రోజుల ముందే వాతావరణ సూచనలో కనబడతాయి. మిగతా రోజుల్లో పొలం మొహం చూడకపోవడమే మీరు చేయగల మంచి వేట.

ఇంట్లోవాళ్ళకు కావలసిందీ, వేటకు కావలసిందీ ఒకటే అయిందని అప్పుడే సంబరపడకండి. చలి దిగే రోజు మన పంచాంగం చూసుకుని రాదు. మొన్న భోగి నాడే వచ్చింది. రేపు పాప స్కూలు కచేరీ రోజున రావచ్చు, మీ ఆవిడ డ్యూటీలో ఉన్న సాయంత్రం రావచ్చు. అందుకని ఏ రోజులు వేటకు కుదరవో ముందే కూర్చుని రాసుకోండి. ఆ రోజుల్లో ఎంత మంచు కురిసినా మీరు ఇంట్లోనే. భోగి రోజు అలా ముందే తేల్చుకోలేదు కాబట్టి మధ్యాహ్నం థర్మామీటరు చూసి తేల్చారు. అది తప్పే, దాన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక అమ్మగారి సంగతి.

మీ ఆవిడ కోపం వేట మీద కాదని ఆవిడ మాటలోనే ఉంది. మీరు సాయంత్రాలు లేకపోవడాన్ని కూడా ఆవిడ ఇన్నాళ్ళూ భరించారు. అత్తగారి ముందు రోజూ నాటకం ఆడటం ఆవిడ వల్ల కావడం లేదు. పెద్దావిడేమో కొడుకు ఈ చలిలో రాత్రి ఏడింటి దాకా ఆఫీసులో మగ్గిపోతున్నాడని బాధపడుతూ, పళ్ళెం మీద మూత పెట్టి కూర్చుంటున్నారు. ఆవిడ జాలిపడుతున్నది లేని కష్టానికి. పాపకూ నిజం తెలుసు, నాయనమ్మ దగ్గర దాచాలనీ తెలుసు. పదేళ్ళ పిల్ల నెత్తిన అది పెట్టడం మీరు గమనించినట్టు లేదు, ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు.

మార్చిలో అమ్మ వెళ్ళిపోతారు కదా, అప్పటిదాకా ఇలాగే లాగిద్దాం అనుకోవచ్చు. అది ఒక దారే. సీజన్ కూడా అయిపోతుంది, అబద్ధానికి అవసరమూ తీరిపోతుంది. కానీ గరాజ్ ఫ్రీజర్‌లో మాంసం ఉంది, నాలుగేళ్ళ బాబు నోరు ఉంది. ఎప్పుడో ఒకరోజు ఆవిడకు తెలిస్తే, కొడుకు జింకను కొట్టాడన్నదాని కంటే కోడలు కూడా కలిసి దాచిందన్నదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంటుంది. ఆ నింద పడేది మీ మీద కాదు, మీ ఆవిడ మీద. మన ఇళ్ళల్లో ఇది ఎలా నడుస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడే చెబితే? మీ అమ్మగారు నాకు తెలియదు, కాబట్టి ఆవిడ ఏమంటారో చెప్పలేను. మొదట భయపడే అవకాశమే ఎక్కువ. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను కొట్టడమంటే జైలు. ఆవిడకు తెలిసిన లోకం అది. ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సు అమ్ముతుందని, ఎన్ని కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో, ఎలా కొట్టాలో లెక్క ఉంటుందని, కొట్టినది ప్రభుత్వానికి తెలియజేయాలని ముందు చెప్పండి. ఒహాయోలో 1904 నాటికి జింకలు పూర్తిగా అంతరించాయి. తర్వాత మళ్ళీ తెచ్చి పెంచారు. వాటిని తినే తోడేళ్ళు, ప్యూమాలు మాత్రం తిరిగి రాలేదు. అందుకే ఇప్పుడు చేలల్లోనూ రోడ్ల మీదా ఇన్ని జింకలు. విల్లుల మీద కేంద్ర ప్రభుత్వం వసూలు చేసే 11 శాతం పన్ను రాష్ట్రాలకు వన్యప్రాణుల పోషణ లాంటి పనులకే వెళ్తుంది. ఇదంతా ఒక్కసారే ఉపన్యాసంలా దంచకండి. అడిగితే చెప్పండి.

ఆవిడ మాయలేడి మాట ఎత్తుతారు. ఎత్తనివ్వండి. బదులుగా మీరు కన్నప్ప కథ మాత్రం ఎత్తకండి. కన్నప్ప తెచ్చిన మాంసం శివుడికి పెట్టాడు, మీరు గరాజ్‌లో పెట్టారు. నెగ్గడం కోసం మాట్లాడితే ఈ సంభాషణ చెడిపోతుంది. ఆ మాంసం వండే గిన్నెలు వేరుగా ఉంచమంటే ఉంచండి, మంగళవారం, శనివారం ఫ్రీజర్ తెరవొద్దంటే తెరవకండి. కొన్నాళ్ళు ముభావంగా ఉంటారు. అది మీరు పడాల్సిందే. చెప్పేటప్పుడు మీ ఆవిడ పక్కన లేకుండా చెప్పండి, "తనకు ఇష్టం లేకపోయినా నేనే దాయమన్నాను" అన్న ముక్క తప్పకుండా చెప్పండి.

నిజం చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది పూర్తిగా వేటకు సంబంధించినది. అనుకున్నట్టే ఒక సాయంత్రం ఆరు గంటల వేళ బాణం తగిలిందనుకోండి. వెంటనే దిగి వెతకకూడదు. మంచి చోట తగిలినా అరగంట ఆగాలి. పొట్టలో తగిలిందని అనుమానమొస్తే తెల్లారేదాకా వదిలేయాలి, లేకపోతే లేచి పక్క పొలంలోకి పోతుంది. పక్కవాళ్ళ భూమిలోకి వెళ్ళి తెచ్చుకోవాలన్నా వాళ్ళ రాతపూర్వక అనుమతి కావాలి. ఆ వాలు ఎవరిదో వాళ్ళను ఇప్పుడే కలిసి సంతకం తీసుకుంటే మంచిది. అలాంటి రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఏ ఆఫీసు, ఏ మీటింగ్ అని చెబుతారు? అబద్ధం కాపాడుకోవడానికి తొందరపడి చీకట్లో జింకను లేపి పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఇప్పటిదాకా నేను ఇంటి గురించే ఎక్కువ చెప్పాను కానీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది రైతు విషయం. మీరు లీజు మాటను బెదిరింపులా రాశారు. నాకు అలా అనిపించలేదు. ఆ పెద్దమనిషి డబ్బు అడగకుండా తొంభై ఎకరాలు మీకు తెరిచిపెట్టాడు. తన చేను కాపాడమన్నాడు. మీరు ఆడ జింకలను వదిలేసి ఒక మగదాని వెంట పడ్డారు. ఒక మగ జింకను తీసేస్తే మంద తగ్గదు, వచ్చే వసంతంలో ప్రతి ఆడదీ ఒకటో రెండో పిల్లల్ని పెడుతుంది. చేను తినేది అవే. ఈ లెక్క రైతుకు బాగా తెలుసు. కొడుకుకు ఇంకా బాగా తెలుసు. "వాడు మాట తప్పాడు, డబ్బు ఇచ్చేవాడికి ఇద్దాం" అని అతను అనుకుంటే తప్పు పట్టలేం.

ఇక్కడ మీకు దారులున్నాయి. ఈ రెండు వారాల్లో చలి లేని మామూలు సాయంత్రాలు కొన్నిటిని ఆడ జింకలకు ఇవ్వండి. వాగుకు దూరంగా రోడ్డు వైపు ఉన్న మొక్కజొన్న మోళ్ళలో అవి కనబడుతున్నాయని రాశారు, అక్కడైతే పెద్దాయన దాకా అలికిడి వెళ్ళదు. ఒకటి రెండు పడినా రైతుకు చెప్పడానికి మీ దగ్గర మాట ఉంటుంది. మీ కౌంటీలో ఇప్పుడు ఇంకా ఎన్నిటికి అనుమతి ఉందో, ఏ పర్మిట్ వాడాలో ఈ ఏటి రూల్స్ పుస్తకంలో చూసుకోండి. మాంసం మీకు ఎక్కువైతే, జింకను కోసి ఫుడ్ బ్యాంకులకు చేర్చే ప్రాసెసర్లు ఉంటారు. ఆ మాటకొస్తే కూరకు ఆడ జింకే మేలు. నవంబరంతా తిండి మాని తిరిగిన ఆరేళ్ళ మగదాన్ని కీమా కొట్టించుకోవాల్సిందే.

అయితే ఒక జాగ్రత్త. డిసెంబరు చివరి నుంచే కొన్ని మగవి కొమ్ములు రాల్చేస్తాయి. ఒహాయో రూల్ ప్రకారం కొమ్ము మూడంగుళాల లోపు ఉన్నా, అసలు లేకపోయినా అది కొమ్ములేని జింక లెక్కే. అంటే జనవరి చివర్లో ఆడదనుకుని మీరు బాణం వేసేది కొమ్ములు రాలిన పెద్దాయన మీదే కావచ్చు! నుదుటి మీద కొమ్ములు ఊడిన గుండ్రటి మచ్చలు, బలిసిన మెడ, ఆ చీలిన చెవి చూసుకుని వేయండి.

లేదా, లీజు డబ్బు మీరే ఇస్తానని ముందుకు రావచ్చు. దాని వల్ల పొలం నిలబడుతుంది. కానీ అప్పుడది డబ్బు లెక్క అవుతుంది, వచ్చే ఏడాది ఇంకొకరు ఎక్కువ ఇస్తే అంతే. పైగా ఇంట్లో దీనికి ఎంత ఖర్చవుతుందో కూడా మాట్లాడాల్సి వస్తుంది, ఇప్పుడున్న పరిస్థితిలో ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. లేదా ఈ సీజన్‌తో ఆ పొలానికి దండం పెట్టి ప్రభుత్వ అడవుల్లో వేటాడుకోవచ్చు. అక్కడ జనం ఎక్కువ, పెద్దాయనలు తక్కువ. అయినా చాలామంది అలాగే చేస్తున్నారు.

మీ సహోద్యోగి పిలుపు సంగతి చెప్పాలంటే, అది చట్టవిరుద్ధం కాదు. ఒహాయోలో ప్రైవేటు స్థలంలో గింజలు పోసి వేటాడొచ్చు. జింకలను చిక్కిపోయి చచ్చేలా చేసే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) రోగం కోసం ప్రత్యేకంగా నిఘా పెట్టిన ప్రాంతాల్లో మాత్రం కూడదు. ఆ రోగం ఈ రాష్ట్రంలో అడవి జింకల్లో మొదట 2020లో వయాండాట్ కౌంటీలో బయటపడింది. ఒకే కుప్పలో అన్నీ మూతులు పెట్టడం దాన్ని పాకించే పద్ధతుల్లో ఒకటి. పుల్లలు, మొగ్గలు నమిలే కాలంలో ఒక్కసారిగా మొక్కజొన్న తింటే వాటి పొట్టలో ఆమ్లం పెరిగి చచ్చిపోయేవీ ఉంటాయి. అందుకే నాకు ఆ పద్ధతి నచ్చదు. అలాగని కోయకుండా మిగిలిన సోయా మూల దగ్గర మాటు వేయడం పుణ్యం, పోసిన కుప్ప దగ్గర మాటు వేయడం పాపం అని గీత గీసి చెప్పే ధైర్యమూ నాకు లేదు. తెల్లతోక జింక తిరిగే మేర చాలాసార్లు ఒక చదరపు మైలు దాకా ఉంటుంది. మీ రైతు తొంభై ఎకరాలు అందులో ఏడో వంతు. పెద్దాయన ముందు నుంచీ ఎక్కువ రోజులు పక్కవాళ్ళ భూముల్లోనే గడుపుతున్నాడు, మీ గురువుగారి స్థలంతో సహా.

అక్కడికి వెళ్తే దొరికే అవకాశం నిజంగానే ఎక్కువ, త్వరగా తేలిపోతుంది, ఇంటి సాయంత్రాలు మీకు తిరిగొస్తాయి. మూడేళ్ళు మీరు వెతికింది కుప్ప దగ్గర తలవంచి తింటుంటే కొట్టానన్న వెలితి ఉంటుందా లేదా, అది మీరే తేల్చుకోవాలి. కొందరికి ఉండదు. మీ ఉత్తరం చదివితే మీకు ఉంటుందనిపించింది, ఎందుకంటే ఆ పిలుపు గురించి మూడు పేజీల తర్వాత గానీ రాయలేదు. ఏ స్థలంలో కొట్టినా ఒహాయోలో లైసెన్సు సంవత్సరానికి ఒక్క కొమ్ముల జింకే. తర్వాత విచారించి లాభం ఉండదు.

వెళ్ళేది ఎక్కడికైనా, బాణం విషయంలో ఒకటి రెండు చెప్పి తీరాలి. కొలంబస్‌లో జనవరి చివరకు సూర్యాస్తమయం ఐదున్నర దాటాక, ఆ తర్వాత అరగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది. ఆ చివరి పది నిమిషాల్లోనే అది వస్తుంది. రూపం సరిగ్గా కనబడకుండా చప్పుడును బట్టి బాణం వేసి దశరథుడు ఏం మూటకట్టుకున్నాడో మనకు చిన్నప్పుడే చెప్పారు. ముందు భుజం వెనక, పక్కటెముకల మీద మీరు గురిపెట్టే చోటు కంటికి స్పష్టంగా కనబడకపోతే వేయకండి, ఇంకా టైమున్నా సరే. ఇరవై గజాలు దాటితే చలిలో మీ చేతిని మీరు నమ్మకండి. మూడు గంటలు కదలకుండా కూర్చున్నాక కండరాలు బిగుసుకుపోయి, అక్టోబరులో సులువుగా లాగిన విల్లే రాదు. నారి లాగడానికి పట్టే బరువును కొన్ని పౌండ్లు తగ్గించుకోండి. వేసుకెళ్ళే ఆ లావు కోటుతోనే ఇంటి దగ్గర సాధన చేయండి, ముంజేతి దగ్గర గుడ్డకు నారి తగిలితే బాణం ఎటో పోతుంది. మంచె ఎక్కే మొదటి మెట్టు నుంచి దిగే చివరి మెట్టు దాకా, పడిపోకుండా చెట్టుకు కట్టుకునే హార్నెస్ తగిలించే ఉండాలి. మంచు పట్టిన మెట్ల గురించి మీరు సరదాగా రాశారు. నాకు సరదాగా అనిపించలేదు.

చివరగా పాప అడిగింది. అది చిన్నపిల్ల మాటే అని మీరు కొట్టిపారేయలేదు, అందుకే నాకు రాశారు. వదిలేయడం కూడా ఒక దారే. మొదటి ఏడాది ఫోటోలో దానికి మూడేళ్ళుంటే ఇప్పుడు ఆరు దగ్గర పడి ఉంటుంది. అడవిలో మగ జింకల్లో ఆ వయసుకు చేరేవి చాలా తక్కువ. ఈ సీజన్ దాటితే వసంతం చూడటానికి దానికి మంచి అవకాశమే ఉంది. ఏప్రిల్ నాటికి కొత్త కొమ్ములు మొలుస్తుంటాయి. మార్చిలో మీరూ పాపా కలిసి ఆ పొలంలో రాలిన కొమ్ముల కోసం వెతకొచ్చు. కానీ వచ్చే సెప్టెంబరు దాకా ఏ కారు కిందా పడదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. పొలం మీ చేతిలో ఉండకపోవచ్చు, వేరెవరో కొట్టొచ్చు. అప్పుడు మీకు ఏమనిపిస్తుందో ఇప్పుడే అనుకుని చూడండి. "పోనీలే" అనగలిగితే వదిలేయండి. అనలేకపోతే పాప కోసం త్యాగం చేశానన్న లెక్క ఒకటి మీ మనసులో పడి, ఆ పిల్లకు తెలియకుండానే ఆమె పద్దులో చేరుతుంది.

కొట్టాలనే నిశ్చయించుకుంటే పాపకు దాచకుండా చెప్పండి. "వదిలేస్తాలే" అని మాత్రం అనకండి. వయసు మళ్ళినదాన్ని ఎందుకు, చిన్నవాటిని ఎందుకు కాదు అని అడుగుతుంది. మీరు ఇన్నాళ్ళూ ముసలిదాని కథలే చెప్పారు కాబట్టి దాని మీదే ఆమెకు ప్రేమ. ఆడ జింకలకు పేర్లు లేవు కాబట్టి వాటి గురించి అడగలేదు. నా దగ్గర దీనికి తయారు సమాధానం లేదు, మీకు తోచింది చెప్పండి.

ఇవన్నీ ఒకేసారి కదల్చలేరు. ఈ రాత్రి అమ్మతో మాట్లాడండి. ఆ తర్వాత మీ ఆవిడతో కూర్చుని కుదరని రోజులు క్యాలెండరులో కొట్టేయండి, ఆవిడకు పూర్తిగా ఖాళీ కావలసిన సాయంత్రాలు కూడా అందులోనే రాయమనండి. ఈ వారాంతం రైతు ఇంటికి స్వయంగా వెళ్ళండి, ఫోన్ వద్దు. కొడుకు కూడా ఉండే వేళ చూసుకోండి. ఆడ జింకల విషయంలో మాట నిలబెట్టుకోలేదని మీరే ముందు ఒప్పుకోండి, ఈ రెండు వారాల్లో ఏం చేయబోతున్నారో చెప్పండి. లీజు గురించి వాళ్ళ ఆలోచన ఏమిటో నేరుగా అడగండి. అన్నీ అయ్యాక, రైతు మనసు బాగుందనిపిస్తే, చలి సాయంత్రాల్లో చీకటి పడగానే ఆయన్ని తన పికప్ ట్రక్కును ఒకసారి చేలోకి తోలమని అడగండి. జింకలకు ఆ బండి అలవాటే, మెల్లగా పక్కకు తప్పుకుంటాయి. మీరు అప్పుడు దిగొచ్చు.